నాచారం కిటికీలో నా ఎక్స్‌రేలు

ఆ రోజుల్లో ఒక జన్యువును చదవడమంటే నిజంగా చదవడమే. కళ్ళతో, వేలితో, అడుగు స్కేలుతో, ఒక్కో అక్షరమే. ఇప్పుడు ఆ పని యంత్రాలు చేస్తున్నాయి. అవి కళ్ళు నులుముకోవు, వరస తప్పి మళ్ళీ మొదటికి రావు, పక్కవాళ్ళను సాయమడగడానికి సిగ్గుపడవు. నేను ఈ మూడూ చేశాను. ఉప్పల్ రోడ్డు మీది ఒక పరిశోధనాలయంలో, ఇరవై మూడేళ్ళ వయసులో, ఐదు వందల చిల్లర అక్షరాలు చదవడానికి ఎనిమిది నెలలు తీసుకున్నాను. చదివాక తేలిందేమిటంటే, అందులో ఒక్క అక్షరం కూడా సరైనది కాదు. (ఒక్కటంటే ఒక్కటి కూడా. అంత కచ్చితంగా తప్పు చదవడం కూడా అందరికీ చేతకాదని తర్వాత మా ల్యాబులో ఒప్పుకున్నారు.)

ముందు నా జన్యువు సంగతి చెప్పాలి. అది ఒక ఫేజ్‌ది. ఫేజ్ అంటే బాక్టీరియాలకు పట్టే వైరస్. మనకు జలుబు పట్టినట్టు వాటికి ఇది పడుతుంది. కాకపోతే మిరియాల పాలతో తగ్గదు, అరగంటలో ఒళ్ళు పగిలి చస్తాయి. మా సార్ దాన్ని ఉప్పల్ దగ్గర ఒక మురుగు కాలవలోంచి సీసాలో పట్టుకొచ్చారు. దాని జన్యువుల్లో ఒక ముక్కను నాకు అప్పగించి, "చూడమ్మా, ఇది పూర్తిగా నీది. చదువు. ఏ ప్రోటీన్‌ను తయారు చేయిస్తుందో కనిపెట్టు" అన్నారు. మా ఇంట్లో లంగాల దగ్గర్నుంచి పాఠ్యపుస్తకాల దాకా అన్నీ మా అక్క వాడి వదిలేసినవే నాకు వచ్చేవి. నాకంటూ ఎవరైనా ఇచ్చిన మొదటి కొత్త వస్తువు ఆ మురుగు నీటి జన్యువే. ఆ రోజు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోవాలని తోచలేదు. నిలబడే నాచారం దాకా వెళ్ళాను.

నాచారంలో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. బాపట్ల నుంచి వచ్చిన నాకు ఆ ఊళ్ళో ఎవరూ తెలియదు, తెలుసుకునే ఉపాయమూ తెలియదు. పొద్దున ఉప్పల్ వెళ్ళేదాన్ని, సాయంత్రం ఫ్యాక్టరీల సైరన్ల మధ్య తిరిగి వచ్చేదాన్ని. మధ్యలో గాజు పలకలు కడగడం, జెల్ పోయడం, ఫిల్ములు కడగడం. ఏదీ నోరు తెరిస్తే తప్ప జరగని పని కాదు. నాకు డైరీ రాసే అలవాటుంది. ఆ ఏడాది డైరీలో రోజూ చివర "ఈ రోజు మాట్లాడినవి" అని ఒక వరస ఉంటుంది. ఒక బుధవారం కింద ఇలా ఉంది: "ఉప్పల్ ఒకటి. చిల్లర లేదండీ. గుడ్ మార్నింగ్ సార్. పర్లేదు. ఉప్పల్ కాదు నాచారం ఒకటి. అంతే." ఇందులో "పర్లేదు" ఎవరితో, ఎందుకు అన్నానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. బహుశా ఎవరో నా కాలు తొక్కి ఉంటారు.

ఇంటావిడ జనగాం వైపు నుంచి వచ్చిన మనిషి. ఆమె భర్త నాచారంలోనే ఏదో కంపెనీలో షిఫ్టుల మీద పనిచేసేవాడు. మొదటి మూడు నెలలు నేను ఆమెను "ఏమండీ" అని పిలిచాను. ఒకరోజు ఆమె మెట్ల మీద నన్ను ఆపి, "ఏమండి, ఏమండి అంటవ్. మా ఆయన గూడ నన్ను గట్ల పిలువడు. అత్తమ్మ అను, ఏం పోయింది నీది?" అంది. సరేనన్నాను. మరో నాలుగు నెలలకు గానీ ఆ మాట నోట్లోంచి రాలేదు.

ఇక చదవడం ఎలాగో చెబుతాను. గాజు పలకల మధ్య జెల్ అనే పలచని జిగురు పొర పోసి, జన్యువు ముక్కల్ని అందులో పారించి, పైన ఫిల్ము పెడతారు. వెడల్పాటి ఎక్స్‌రే ఫిల్ము మీద నాలుగు నిచ్చెనలు పక్కపక్కన నిలబెట్టినట్టు నల్లని గీతలు పడతాయి. ఎడమ నుంచి వరసగా జి, ఏ, టి, సి; జన్యువులో ఉండే అక్షరాలు ఈ నాలుగే. కింది నుంచి పైకి పోతూ, ఏ మెట్టు ఏ నిచ్చెనలో ఉంటే ఆ అక్షరం. మా ల్యాబులో పద్ధతి ఏమిటంటే, ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు రాయాలి. తర్వాత నోటు పుస్తకంలో రెండు గడుల్లో ఇద్దరి పేర్లూ ఉండాలి: చదివినవారు, రాసినవారు. గది మధ్యలో లోపల దీపాలున్న గాజు బల్ల, అదే వెలుగు బల్ల, ఉండేది. దాని మీద ఫిల్ము పరుచుకుని జంటలు జంటలుగా కూర్చుని, గుళ్ళో భజనలాగా "జి జి ఏ టి, ఏ సి సి టి" అంటూ ఉండేవాళ్ళు. నేను ఎవరిని అడగాలి? సీనియర్లలో నాకు దగ్గరగా కూర్చునేది మల్కాజిగిరి అక్క. రైల్వే గార్డు గారి అమ్మాయి. నిజంగానే పచ్చ జెండా ఊపినట్టు చెయ్యి ఊపి, వరండా ఈ చివర్నించి ఆ చివరకు వినబడేలా మాట్లాడేది. ఆమె తల ఎత్తినప్పుడల్లా అడుగుదామనుకునేదాన్ని. ఆమె "ఏందే?" అనేది. నేను "ఏం లేదక్కా" అనేదాన్ని. ఎనిమిది నెలల్లో మా మధ్య నడిచిన సంభాషణ ఇదే. రోజుకు రెండు సార్లు.

చివరికి నేనే చదివి నేనే రాసుకోవడం మొదలుపెట్టాను. రెండు గడుల్లోనూ నా పేరే. అది కూడా వెలుగు బల్ల దగ్గర అందరి మధ్యా కాదు. ఫిల్ములు నాచారం తెచ్చుకుని, పొద్దున్నే తూర్పు కిటికీకి ఆనించి, గొణుక్కుంటూ చదివి, వంగి రాసుకుని, మళ్ళీ లేచి చదివేదాన్ని.

ఇక్కడ ఇంకో సంగతి. మా ల్యాబులో ప్రతి ఫిల్ముకీ పై కుడి మూల కత్తిరించి ఉండేది. ఎందుకని నేనెవరినీ అడగలేదు. ఆల్బంలో పెట్టే ఫోటోలకు మూలలు కత్తిరిస్తారు కదా, ఇదీ అలాంటి శుభ్రతేదో అనుకున్నాను. అందుకని జెల్ మీద ఫిల్ము పెట్టి, చీకటి పెట్టెలో రెండు రోజులుంచి, చీకటి గదిలో తీసి, కడిగి, ఆరబెట్టి, అంతా అయ్యాక తీరిగ్గా చిన్న కత్తెరతో నావాటికి కూడా పై కుడి మూల కత్తిరించేదాన్ని. అందరికంటే నావే నున్నగా వచ్చేవి. (ఒకసారి సార్ చూసి "నీట్‌గా ఉన్నాయమ్మా" అన్నారు. డైరీలో ఆ మాట కింద రెండు గీతలు గీసుకున్నాను.)

జన్యువులో మూడేసి అక్షరాలు కలిసి ఒక మాట. మూడు మాటలకు మాత్రం "ఇక ఆపు" అని అర్థం. మంచి జన్యువులో మొదలైన చోటు నుంచి వందా నూటేభై మాటలు సాఫీగా పోయి, చివర ఒక్క "ఆపు" రావాలి. నా దాంట్లో ఇరవై మాటలు పోకముందే ఆపు. మళ్ళీ మొదలుపెడితే పదికే ఆపు. ఎక్కడ మొదలుపెట్టినా ఎర్ర దీపాలే. జన్యువును రెండు పోగుల నుంచీ, అంటే ఆ కొస నుంచి ఒకసారీ ఈ కొస నుంచి ఒకసారీ చదివాను. రెండు చదువులూ అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. కాబట్టి చదవడంలో తప్పు లేదని నా నమ్మకం. తప్పు జన్యువుదే.

ఒక సోమవారం వారపు సమావేశం అయ్యాక సార్ నన్ను ఆగమన్నారు. ఆయన కేకలేసే మనిషి కాదు, అదే కష్టం. కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇందులో ప్రోటీన్ ఏదీ లేనట్టుందమ్మా. మనం పట్టుకున్న ముక్కే తప్పయి ఉండాలి. వచ్చే సోమవారం దాకా చూడు. అప్పటికీ ఏమీ కనబడకపోతే దీన్ని వదిలేద్దాం" అన్నారు. నేను తలూపాను. "నీ పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ కాగితం నా దగ్గరే ఉంది. చేతిలో పని లేకుండా నేను సంతకం పెట్టలేను. నీకు తెలుసుగా?" అన్నారు. దానికీ తలూపాను. సంతకం లేకపోతే ఆ నెలాఖరుకు నా ఉద్యోగం ముగుస్తుంది. ఇంటి నుంచి నాన్న అప్పటికే ఒక బీఎడ్ దరఖాస్తు పంపి ఉన్నారు, "ఎందుకైనా మంచిది" అని చీటీ పెట్టి. నింపనూ లేదు, పారెయ్యనూ లేదు. పరుపు కింద ఉంది. ఆ వారం పడుకున్నప్పుడల్లా అది నా వీపుకు తెలుస్తూనే ఉండేది.

మర్నాటి నుంచి తెల్లారగానే కిటికీ దగ్గరే. ఆరు ఫిల్ములూ మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఏదైనా ఒక్క గీత తప్పు చదివి ఉంటే బాగుండునని ఆశ. ఒక్కటీ లేదు. అంత జాగ్రత్తగా చదివినందుకు నా మీద నాకే ఏడుపొచ్చింది. వస్తే ఆపుకోవడానికి అక్కడ ఎవరున్నారని, కాసేపు ఏడ్చాను.

ఉన్నారు. అత్తమ్మ ఉంది. బట్టలారేయడానికి మేడ మీదికొచ్చి, తీగ దగ్గర నిలబడిపోయింది.

అసలు ఆమె అంతకు రెండు వారాల ముందే ఒకసారి చూసి, "ఏంది బిడ్డా అది, ఎక్స్‌రేనా?" అని అడిగింది. "అవునండీ, ఎక్స్‌రే ఫిల్మే" అన్నాను. అబద్ధం కాదు, అది ఎక్స్‌రే ఫిల్మే. ఆమె ముఖం మారింది. "ఒకటి గాదు, ఇన్ని దీసిన్రా! యాడ నొప్పి?" నేను వివరించాలి. ఫేజ్ అంటే ఏమిటో, జన్యువంటే ఏమిటో, నాలుగు నిచ్చెనలేమిటో చెప్పాలి. నోట్లో అన్ని మాటలు ఒకేసారి లేవు. "నొప్పేం లేదండీ" అని ఊరుకున్నాను. మర్నాడు పొద్దున నా గుమ్మం ముందు స్టీలు గిన్నెలో ఉడకబెట్టిన కోడిగుడ్డు. "తిను. నెత్తురు పడ్తది" అంది. ఆ పై రోజు గుడ్డూ, గ్లాసు పాలూ. "ఎట్లున్నది ఇయ్యాల?" అని అడిగింది. "పర్లేదు అత్తమ్మా" అన్నాను. మొట్టమొదటిసారి ఆ పిలుపు అలా దానంతటదే వచ్చింది.

నాకు ఏ జబ్బూ లేదని నేను చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. సిగ్గు వల్ల అని రాయాలని ఉంది గానీ, డైరీలో అప్పుడే నిజం రాసేసుకున్నాను: పొద్దున్నే నన్ను ఎవరైనా "ఎట్లున్నది" అని అడిగి చాలా రోజులైంది. ఇంకో రెండు రోజులు అడగనిద్దాం, తర్వాత చెబుదాం అనుకున్నాను. రెండు వారాలు అడగనిచ్చాను. పక్కింటి వాళ్ళు నన్ను చూసి పిల్లల్ని కాస్త దూరం జరుపుకునే దాకా వచ్చింది వ్యవహారం. గుడ్లు మాత్రం వేళకు తింటూనే ఉన్నాను.

ఇప్పుడు ఏడుపు కూడా చూసింది. శనివారం మధ్యాహ్నం నేను ల్యాబులో గాజు పలకలు కడుగుతుంటే కింద గేటు దగ్గర్నించి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. నాచారం నుంచి ఒకావిడ వచ్చిందనీ, మాట్లాడని పిల్లకు పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే రమ్మంటోందనీ. ఫోన్ ఎత్తింది మల్కాజిగిరి అక్క. మాట్లాడని పిల్ల ఎవరో ఆమె వాచ్‌మన్‌ను అడగలేదు. చరచర మెట్లు దిగిపోయింది. ఆమె నోట "నాచారం" అన్న మాట విని, చేతులు తుడుచుకోకుండానే నేనూ దిగాను. గేటు దగ్గర అత్తమ్మ కనబడింది. సైకిల్ స్టాండు వెనక, రెండు స్కూటర్ల మధ్య కూర్చుండిపోయాను. (ఇప్పటికైనా ఒప్పుకోవాలి. దాక్కున్నాను.)

"మీరేనా ఆ పిల్లకు పెద్ద?" అంటోంది అత్తమ్మ.

"అనుకో. ఏమయింది?"

"ఏమయిందని నన్నడుగుతున్నరా? ఎక్స్‌రేలు దీయించి చేతుల వెట్టి పంపిన్రు. పొద్దుగాల లేస్తే కిటికీ కాడ నిలబడి సూసుకుంట ఏదో గొణుక్కుంటది, కండ్లల్ల నీళ్ళు వెట్టుకుంటది. గుడ్డు వెడితే తింటది గని, ఏం బీమారి అంటే జెప్పది. తల్లి లేదు, తండ్రి లేడు దగ్గర. ఇంతమంది సదువుకున్నోళ్ళున్నరు, ఒక్కలన్న పెద్ద దవాఖానాల సూపియ్యరా?" అంటూ కొంగు కింది నుంచి నా ఫిల్ము ఒకటి తీసింది. కిటికీలోంచి తెచ్చేసింది.

అక్క దాన్ని ఎండకు ఎత్తి పట్టి చూసింది. "అత్తమ్మా, ఇది బీమారి గాదు. ఇది మా ఆఫీసు పని."

"ఆఫీసు పనికి ఏడుస్తరా ఎవలన్న?"

అక్క ఫిల్ము దించింది. వరండా చివరకు వినబడే ఆ గొంతు మొదటిసారి స్కూటర్ల దాకా కూడా సరిగ్గా రాలేదు. "ఎన్ని దినాల సంది ఏడుస్తుంది?" అంది.

అత్తమ్మను బస్సెక్కించి అక్క వెనక్కి వస్తూ, నడక ఆపకుండానే, "స్కూటర్ల నడిమి నుంచి లే. గ్రీజు అంటుతది" అంది. లేచాను. అంటింది.

వెలుగు బల్ల దగ్గర స్టూలు లాగి, "కూసో. నువ్వు సదువు, నేను రాస్త" అంది. నోటు పుస్తకం తెరిచి, రెండు గడుల్లోనూ నా పేరు చూసి, ముందు పేజీలు తిప్పి, వెనక పేజీలు తిప్పి, "సదివేది నువ్వే, రాసేది నువ్వే. మధ్యల చాయ్ ఎవరు దెచ్చిచ్చిన్రు?" అంది. నాకు నవ్వు రాలేదు. మొదటి ఫిల్ము పరిచి, కొంచెం పైనుంచి చదవడం మొదలుపెట్టాను.

"అడుగు నుంచి సదువు."

"అడుగు భాగం వదిలెయ్యమన్నారు సార్."

"మసకుంటే వదిలెయ్యమన్నడు. ఇది అద్దం లెక్క ఉన్నది గద. సదువు."

చదివాను. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఇంకో మనిషి వింటుండగా చదివాను. "సి... టి... టి... ఏ... ఏ... జి."

అక్క కలం ఆగిపోయింది. "మళ్ళ సదువు." చదివాను. "నీ ముక్కను ఫేజ్ లకెళ్ళి ఎట్ల కోసి తీసిన్రే?" అంది.

చెప్పాను. డీఎన్‌ఏను కోసే ఎంజైములుంటాయి. ఒక్కోటి ఒక్కో మాట కనబడిన చోట మాత్రమే కోస్తుంది. మాది కోసేది జి ఏ ఏ టి టి సి అన్న చోట. పరీక్షల్లో రాసినట్టు గడగడా చెప్పి, చెప్పాక, నేను చెప్పింది నాకే వినబడింది. కోసిన చోటే కదా ఈ ఫిల్ము మొదలవుతుంది. అక్కడ ఆ ఆరు అక్షరాలే ఉండాలి. నేను చదివినవి జి ఉన్నచోట సి, ఏ ఉన్నచోట టి.

అక్క ఫిల్మును రెండు వేళ్ళతో ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి, కత్తిరించిన మూల మీద వేలు పెట్టింది. "ఈ మూల ఎప్పుడు గోసినవ్?"

"ఆరాక."

"ఆరినంకనా!" అని లేచి నిలబడింది. "మూల ఎందుకు గోస్తరో ఎరుకేనా నీకు?"

ఉన్నదే చెప్పాను. "...అందం కోసం."

మల్కాజిగిరి అక్క నేల మీద కూర్చుని నవ్వింది. స్టూలు పట్టుకుని లేవబోయి మళ్ళీ కూర్చుంది. పక్క గదుల్లోంచి జనం వచ్చారు. "అందం కోసమంట" అని ఆమె ఒక్కొక్కరికీ చెప్పడం, వాళ్ళు గోడకానుకుని నవ్వడం. విషయమేమిటంటే, ఎక్స్‌రే ఫిల్ముకు రెండు వైపులా ఒకేలా ఉంటాయి. ఏది బోర్లా, ఏది వెల్లకిలా అన్నది ఫిల్మును చూసి చెప్పలేం. అందుకని చీకటి గదిలో, జెల్ మీద పెట్టకముందే, ఒక మూల కత్తిరించి, ఆ మూల జెల్‌కు పై కుడి వైపు వచ్చేలా పెడతారు. తర్వాత దాన్ని ఎన్ని తిప్పులు తిప్పినా ఆ మూలే దాని ముఖం ఎటో చెబుతుంది. నేనేమో పెట్టె తెరిచి, ఫిల్మును కుడి అంచు పట్టుకుని, పుస్తకంలో పేజీ తిప్పినట్టు తిప్పి తీసేదాన్ని. చేతులకు చిన్నప్పటి నుంచి అలవాటైన పని అదొక్కటే. అలా బోర్లా పడిన ఫిల్ముకు, ఆరాక, నాకు కుడి వైపనిపించిన మూల ముచ్చటగా కత్తిరించేదాన్ని. దాంతో జి నిచ్చెన సి అయింది, సి జి అయింది. ఏ, టీలు కూడా తారుమారయ్యాయి. అన్ని ఫిల్ములనూ ఒకేలా తిప్పాను కాబట్టి రెండు చదువులూ ఒకదానికొకటి సరిపోయాయి, ఒకరి అబద్ధానికి ఒకరు సాక్ష్యం చెప్పుకునే అన్నదమ్ముల్లాగా.

నేలలోకి దిగిపోతే బాగుండునని ఉంది. అయినా ఒక సంగతి గమనించాను. వాళ్ళంతా నవ్వుతూ నా స్టూలు చుట్టూనే ఉన్నారు. ఒకతను "నేను జెల్‌నే తలకిందులుగా పోశాను ఒకసారి" అన్నాడు. ఇంకొకామె తాను ఫిల్మును పెట్టెలో మర్చిపోయి ఊరెళ్ళిన కథ మొదలుపెట్టింది. అక్క కళ్ళు తుడుచుకుని, "ఒక్క దినం, ఒక్క మాట అడిగితే అయిపోవు గద పిల్లా. నేనేమన్న కొరుకుతనా?" అంది. ఆ మాటకు ఎందుకో నాకు కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను కూడా. ఎవరూ అది జబ్బనుకోలేదు.

మళ్ళీ కొత్తగా చదవనక్కర్లేదు. జి ని సి, సి ని జి, అలాగే ఏ ని టి, టి ని ఏ చేస్తే చాలు. శనివారం సాయంత్రమే ఇద్దరం కూర్చుని ఎర్ర పెన్సిలుతో మార్చేశాం. ఆదివారం పొద్దున ల్యాబులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ దగ్గర నేను అక్షరాలు చదువుతుంటే అక్క రెండు వేళ్ళతో కొట్టింది. మొదలు పెట్టవలసిన మాట దొరికింది. పది మాటలు పోయాయి. ఇరవై పోయాయి. నేను లెక్కపెడుతూ ఊపిరి బిగబట్టాను. వంద దాటింది. "ఊపిరి దీస్కోవే, ఇంక శానా ఉన్నది" అంది అక్క. నూట అరవై దాటాక, ఉండవలసిన చోట, ఒకే ఒక్క "ఆపు". ఆ దారి వెంట వచ్చే ప్రోటీన్‌ను ఫ్లాపీల్లో ఉన్న తెలిసిన ప్రోటీన్లతో పోల్చమని పెట్టి చాయ్‌కి వెళ్ళాం. తిరిగి వచ్చేసరికి తెర మీద పేరు ఉంది: లైసోజైమ్. బాక్టీరియా గోడను కరిగించే ప్రోటీన్. లోపల పుట్టిన ఫేజ్ పిల్లలు బయటపడడానికి గోడ పగలగొట్టేది అదే. (ఇందులో నాకేదో సందేశం ఉందని డైరీలో ఒక పేజీ నిండా రాశాను. వారం తర్వాత చదివి చింపేశాను. అంత బాగా లేదు.)

"తెర మీద పేరు ఎవలకన్న వస్తది. గొట్టంల జూపియ్యి" అంది అక్క. నా ముక్కను ఎక్కించి పెంచిన బాక్టీరియాలను నలిపి తీసిన రసాన్ని, చచ్చిన మామూలు బాక్టీరియాలు కలిపిన నీళ్ళ గొట్టంలో వేశాం. గొట్టం మజ్జిగలా తెల్లగా ఉంది. పక్కన రసం వెయ్యని గొట్టం ఒకటి. ఇద్దరం గడ్డాలు బల్ల మీద ఆనించి చూస్తూ కూర్చున్నాం. ఐదు నిమిషాలకు మజ్జిగ పలచబడింది. పదిహేను నిమిషాలకు గొట్టం వెనక పెట్టిన క్యాలెండర్‌లో అంకెలు కనబడ్డాయి. పక్క గొట్టం ఇంకా మజ్జిగే. అక్క పచ్చ జెండా ఊపినట్టు చెయ్యి ఊపింది.

సోమవారం సమావేశంలో ఆ రెండు గొట్టాలూ బల్ల మీద పెట్టి, బోర్డు వైపు తిరిగి, జరిగిందంతా చెప్పాను. సార్ కాసేపు విని, "కాస్త ఇటు తిరిగి చెప్పమ్మా, బోర్డు పారిపోదు" అన్నారు. తిరిగాను. "ఎనిమిది నెలలెందుకు పట్టింది?" అని అడిగారు. మల్కాజిగిరి అక్క ఫ్యాన్ వైపు చూడడం మొదలుపెట్టింది. జెల్ మీదో, ఫిల్ము మీదో ఏదో ఒకటి చెప్పొచ్చు. "మూల ఎందుకు కత్తిరిస్తారో తెలియక సార్. ఎవరినీ అడగలేదు" అన్నాను. గదిలో అందరూ నవ్వు బిగబట్టారు. సార్ నవ్వలేదు. సొరుగు తీసి, నా కాగితం తీసి, సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊది నా చేతికిచ్చారు. "ఇకమీద కొత్తగా ఎవరు చేరినా మూల కత్తిరించడం నేర్పే పని నీది. వాళ్ళు అడిగేదాకా ఆగకు" అన్నారు. రిజిస్ట్రేషన్ కంటే ఆ రెండో మాటకే నాకు ఎక్కువ చెమట పట్టింది.

పరుపు కింది దరఖాస్తును ఆ రోజే నాన్నకు తిప్పి పంపాను. అత్తమ్మకు ఏం చెప్పాలో తెలియక ఇంటికి వెళ్ళగానే అన్నీ చెప్పేశాను: జబ్బు లేదనీ, కాలవలో దొరికిన వైరస్ సంగతీ, గోడ కరిగించే ప్రోటీన్ సంగతీ. "అలాంటి పని చేసేదే కోడిగుడ్డు తెల్లసొనలో కూడా ఉంటుంది అత్తమ్మా" అన్నాను, ఆమెకు తెలిసిన వస్తువుతో ముగిద్దామని. ఆమె బియ్యం చెరిగే చేట ఆపింది. "అంటే ఎనిమిది నెల్లు ఏడ్సుకుంట దేవులాడితే ఆఖరుకు దొరికింది గుడ్డా?" అంది. "నన్నడిగితే మొదటి దినమే జెప్పకపోదునా!"

మర్నాడు పొద్దున గుమ్మం ముందు గిన్నె లేదు. పాల గ్లాసు లేదు. ఎందుకుంటుంది, నేను బాగున్నాను. మెట్లు దిగి కింద వాకిట్లోకి వచ్చాను. అత్తమ్మ వంటింట్లో ఉన్నట్టు గిన్నెల చప్పుడు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. చేతిలో సంతకమైన కాగితం ఉంది, ఇంకో నాలుగేళ్ళు ఇక్కడే ఉండొచ్చు, కావలసిందంతా అయింది. గేటు గడియ తీసి, రెండు క్షణాలు నిలబడి, చిన్నగా దగ్గాను.

లోపల చప్పుడు ఆగింది. "ఏందే ఆ దగ్గు? పిల్లి గూడ నీకన్న మంచిగ దగ్గుతది" అంది అత్తమ్మ, బయటికి రాకుండానే. "దగ్గకున్న చాయ్ పోస్త గని, చెప్పులిడిచి లోపలికి రా."

ఆ తర్వాత చాలా ఫిల్ములు చదివాను, చాలామందికి మూల కత్తిరించడం నేర్పాను. ఒక్కరు కూడా అందం కోసమని అనుకోలేదు; నేనొక్కదాన్నే. ఇప్పుడు మల్కాజిగిరి అక్క వేరే ఊళ్ళో ఉంటుంది. ఆమెకు ఫోన్ చేయాలనిపిస్తే, "ఊరికే చేశానక్కా" అనడం ఈ వయసులో కూడా నాకు రాలేదు. అందుకని ముందు ఒక సందేహం తయారు చేసుకుంటాను. ఏ జెల్ గురించో, ఏ ఎంజైము గురించో, జవాబు నాకు బాగా తెలిసినదే. ఆమె దానికి ఓపిగ్గా మొదటి నుంచి చివరిదాకా జవాబు చెబుతుంది. చెప్పి, "అయిపోయిందా? ఇగ జెప్పు" అంటుంది. అప్పుడు మొదలుపెడతాను.